ఆఖరి మూడు ఇన్నింగ్స్

జైలు,
మే 17, 1987, ఆదివారం

అక్కా,

మంగళవారం నాటి బేస్‌బాల్ ఆట స్కోరు కార్డు శుక్రవారం అందింది. ఆరో ఇన్నింగ్స్ అయ్యేసరికి మనకు బంతి వేసే పిచ్చర్ ప్రోకాప్ రెండు పరుగులు ముందున్నాడు. అంతవరకు విని నిశ్చింతగా పడుకున్నాను. ఏడో ఇన్నింగ్స్‌లో వరసగా ఇద్దరిని ఊరికే బేస్ ఎక్కించి, మూడోవాడి చేత బంతిని గోడ దాటించుకున్నాడని నీ కార్డు చూశాకే తెలిసింది. మూడు రోజులపాటు గెలిచామనుకుని తిరిగాను. ఇక్కడి బతుకులో అదీ ఒక లాభమే.

ఇరవై ఒక్క ఏళ్లుగా మనది ఇదే వరస కదా. ఆట ఏడింటికి మొదలు, ఇక్కడ రేడియో తొమ్మిదికి బంద్, ఆపైన తాళాలు. ఆరు ఇన్నింగ్స్ నా వంతు. మిగిలిన మూడూ నువ్వు పెన్సిలుతో గళ్లలో నింపి పంపాలి. నేను లోపలికొచ్చిన మరుసటి వసంతంలోనే ప్రోకాప్ మన క్లబ్బుకు వచ్చాడు. అతని ఆట మొత్తం విన్నాను, ఒక్క బంతి కూడా చూడలేదు.

ఈ ఏడాదితో అతని కాంట్రాక్టు అయిపోతుందట. అతను రెండేళ్లు కావాలంటున్నాడు, క్లబ్బువాళ్లు నీళ్లు నములుతున్నారు. నలభై ఒక్క ఏళ్లు, భుజం అరిగిపోయింది, బంతి వేగం గంటకు పది మైళ్లు తగ్గింది అని పేపరువాడు ఒక పట్టిక వేశాడు. వేగం తగ్గింది, నిజమే. బంతిని ఎక్కడ వేయాలో ఇప్పుడు తెలిసినంత అప్పుడు తెలుసా? దాన్ని ఏ పట్టికలో వేస్తారు?

74లో హిట్ లేని ఆట వైపు వెళ్తున్న రోజు గుర్తుందా? ఆరు ఇన్నింగ్స్‌లో ఒక్కడూ హిట్ కొట్టి బేస్ చేరలేదు. అలాంటప్పుడు ఆ మాట పైకి అంటే దిష్టి, అనకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పక్క గది కాసిడీ మాత్రం “ఇంకా ఒక్క హిట్టూ లేదురోయ్” అనేశాడు. అయిదు రోజుల తర్వాత నీ కార్డు వచ్చింది: ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒకే ఒక్క హిట్. నెల రోజులు వాడితో ఎవరూ మాట్లాడలేదు.

చెప్పడం మరిచాను. విడుదల సంగతి తేల్చడానికి సెప్టెంబరు పదహారున నన్ను పెరోల్ బోర్డు ముందు నిలబెడతారు. ఇదే మొదటిసారి.

రూడీ

---

స్లేటర్ బెండ్,
మే 26, 1987

రూడీ,

పెద్దదాన్ని కాబట్టి ముందు చీవాట్లు. బోర్డు సంగతి ఉత్తరం చివర, ప్రోకాప్ భుజం కింద పడేస్తావా? నాన్న పోలిక. అమ్మకు ఆపరేషన్ అని ఆయన మనకు చెప్పింది కూడా అవతలి జట్టు బ్యాటింగు మారే సందులోనే.

ఇక నీ ప్రోకాప్. కాంట్రాక్టు అంటే కృతజ్ఞతాపత్రం కాదురా. జరిగినదానికి చప్పట్లు కొట్టాం, గడియారం బహూకరించాం, కొత్త వంతెన దగ్గర గోడ మీద బొమ్మ కూడా గీశాం. రేపు ఏం చేస్తాడో దానికి ఇవ్వాల్సింది కాంట్రాక్టు. ఏడాదికి తొమ్మిది లక్షల డాలర్లు పుచ్చుకుని అయిదో ఇన్నింగ్స్‌కే భుజం పట్టుకుని కూర్చునేవాడికి రెండేళ్లు రాసిచ్చేవాళ్లు క్లబ్బు నడపడం మానేసి సత్రం పెట్టుకోవాలి. ఇక్కడ మిల్లు మూసేసినప్పుడు ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లకే ఎవరూ రెండేళ్లు ఇవ్వలేదు. మా లాండ్రీలో ఆడవాళ్లకు రెండు వారాల గడువు కూడా దొరకలేదు.

నువ్వు ఒప్పుకోవని తెలుసు. వాదించు, కానీ కాగితం మీదే. గొంతు పెంచి వాదిస్తే ఏమయిందో మనిద్దరికీ తెలుసు.

మోకాలు అలాగే ఉంది. ఆరు గంటల బస్సు ప్రయాణం నా వల్ల కాదు, ఏమీ అనుకోకు. ఫోను చేయొద్దు, ఫోనులో నాకు సగం మాటలు వినిపించవు. రేడియో అయితే పెంచుకోవచ్చు. ఎదురింటి బార్ట్‌కో పిన్నిగారు కూడా పెంచే వింటుంది. కిటికీలు తీసి ఉంటే ఆవిడ రేడియో, నా రేడియో ఒకే మాట చెబుతాయి. ఇరవై ఒక్క ఏళ్లుగా మేమిద్దరం మాత్రం మాట్లాడుకోలేదు.

శుక్రవారం ఆట కార్డు పెట్టాను. చివరి మూడూ బాగానే వేశాడు, అబద్ధం ఎందుకు.

ఓల్గా

---

జైలు,
జూన్ 14, 1987

అక్కా,

మిల్లు సంగతి తెచ్చి నా నోరు కట్టేశావు. అయినా ఒప్పుకోను.

పేపర్లో ఆ పట్టిక వేసినవాడికి ఇరవై అయిదేళ్లుంటాయి. వాడి దృష్టిలో నలభై ఒక్క ఏళ్ల ప్రోకాప్ అంటే ఇరవై ఒక్క ఏళ్ల ప్రోకాప్‌లో అరిగిపోగా మిగిలినవాడు. అది తప్పు. ఇతను వేరే మనిషి. కుర్రతనంలో ఒక బ్యాటర్ ఎగతాళిగా నవ్వాడని వాడి తల మీదికే బంతి విసిరి మూడు వారాలు నిషేధం తెచ్చుకున్నాడు. ఈ మధ్య అంపైరు కళ్లెదుట తప్పు తీర్పు ఇచ్చినా టోపీ సర్దుకుని మళ్లీ బంతి అందుకుంటున్నాడట. రేడియోలో వ్యాఖ్యాత అది చెప్పినప్పుడు నేను కాసేపు ఆట వినలేదు.

పిన్నిగారి కొడుకు పాల్ బార్ట్‌కో చావు గురించి నీకు ఎప్పుడూ రాయలేదు. ఆ రోజు సారాకొట్లో మొదలైంది ఇలాంటి వాదనే. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పిచ్చర్‌ని తీసేసి ఉండాల్సింది అన్నాడు వాడు. ఉంచాల్సిందే అన్నాను నేను. స్టూలు ఎత్తింది నేను. వాడు పడ్డాక కూడా నాదే సరైన మాట అని అరుస్తూ ఉన్నానట, సాక్షులు చెప్పారు. ఆ మనిషిని నేను ఇప్పుడు గుర్తుపట్టలేను. కానీ ఆ మనిషి పాపం మోసేది నేనే.

ఇందులో ఒక ఫారం పెట్టాను, బోర్డువాళ్లది. విడుదలైతే మా ఇంట్లో ఉండవచ్చని బయట ఉన్నవాళ్లెవరైనా సంతకం చేసి నాకు పంపాలి, నేను విచారణకు ముందు ఆఫీసులో ఇవ్వాలి. అది లేకపోతే వదలనే వదలరట. తీరికగా చూడు. తొందరేం లేదు.

ఇంకొకటి. జూలై నుంచి ఇక్కడ కొత్త రూలు. కవర్లో మూడు కాగితాలకు మించకూడదు. మించితే మొత్తం పక్కన పెట్టేస్తారు.

రూడీ

---

స్లేటర్ బెండ్,
జూలై 5, 1987

రూడీ,

ఎండలు మండిపోతున్నాయి. చర్చి నేలమాళిగలో పిరోగీల్లో బంగాళాదుంప కూరి ఒత్తడానికి శుక్రవారం ఆరుగురమే పోగయ్యాం. ఒకప్పుడు ముప్పైమంది ఉండేవాళ్లం. మిల్లు పొగగొట్టాల్లో మూడోది కూడా కూలగొట్టారు. ఆకాశం ఖాళీగా ఉంది, అటు చూడబుద్ధి కావడం లేదు.

శుక్రవారం గసగసాల రొట్టె చేసి బార్ట్‌కో పిన్నిగారింటికి పట్టుకెళ్లాను. తలుపు తీయలేదు. లోపల రేడియో మోగుతూనే ఉంది. గడప మీద పెట్టి వచ్చేశాను. ఎందుకు వెళ్లావని అడక్కు.

ఆ చిరాకులో ఉన్నానేమో, నీ ప్రోకాప్‌ని నిన్న విన్నప్పుడు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్ల క్రితం ఏ తప్పు చేసేవాడో అదే తప్పు. ఇద్దరు బేస్ మీద ఉండగా పొగరుకు పోయి నేరుగా విసరడం. వేరే మనిషి అని రాశావు. మనిషి మారడు, రూడీ. అదే బంతి, కాస్త నెమ్మదిగా. అంతే. అతన్ని గౌరవంగా ఇంటికి పంపేయాలి, ఆ చోటు ఎవరైనా పనికొచ్చేవాడికి ఇవ్వాలి. క్లబ్బు అంటే అందరిదీ. జాలితో నడిపితే అందరినీ ముంచుతుంది.

కార్డు పెట్టాను. గళ్లు కాస్త వంకరగా ఉన్నాయి, కళ్లజోడు మార్చాలి.

ఓల్గా

---

జైలు,
జూలై 26, 1987

అక్కా,

నీ ఉత్తరం అందింది. చాలాసార్లు చదివాను.

నువ్వు చెప్పిందే నిజం కావచ్చు. ఇక ఈ సంగతి వదిలేద్దాం. నేను అడగడమే తప్పు. ఎవరి మీదా బలవంతంగా పడకూడదు.

ప్రోకాప్ భుజం పట్టేసి పక్కన కూర్చున్నాడు. అతను తిరిగొచ్చేదాకా కార్డులు పంపకు. మిగతావాళ్ల ఆటతో నాకు పనిలేదు.

ఎండలో ఎక్కువ తిరగకు.

రూడీ

---

స్లేటర్ బెండ్,
ఆగస్టు 23, 1987

ఓడిపోయి అలిగిన తమ్ముడికి,

ఇరవై ఒక్క ఏళ్లలో నువ్వు నా ముందు ఒక వాదన వదులుకోవడం ఇదే మొదటిసారి. నీ ఉత్తరాన్ని ఐస్‌పెట్టె మీద అంటించుకున్నాను. నాలుగు వరసలు రాసి మూతి ముడుచుకుంటే ఎట్లా? నేను ఒక ఆటగాడి గురించి అన్నాను, నువ్వు సొంత మనిషిని తిట్టినట్టు బాధపడ్డావు. నాన్న కూడా అంతే, జట్టు ఓడితే అన్నం మానేసేవాడు.

సరే, అసలు సంగతి. ఇన్నాళ్లూ ఫారం గురించి ఒక్క ముక్క రాయలేదు నేను. ఎందుకో నీకు అర్థమయ్యే ఉంటుంది. నీ కాసిడీ చేసిన పని నేను చేయదలచుకోలేదు. జరుగుతున్నప్పుడు పైకి అనకూడదు. అది అయ్యేదాకా నోరు మూసుకుని, ఇప్పుడు చెబుతున్నాను.

నువ్వు వస్తే ఉండేది బార్ట్‌కో పిన్నిగారి కిటికీకి ఎదురుగా. ఆవిడ్ని అడగకుండా సంతకం పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ప్రతి శుక్రవారం రొట్టె పట్టుకెళ్లాను. అయిదుసార్లు తలుపు తీయలేదు. రొట్టె మాత్రం లోపలికి వెళ్లేది, పళ్లెం కడిగి మా మెట్ల మీద పెట్టేది. ఆరోసారి తీసింది. ఎనభై నాలుగేళ్లు, పిట్టంత మనిషి అయింది. కూర్చోమనలేదు. నేను నిలబడే చెప్పాను. చెయ్యి చాచి రేడియో తగ్గించింది. తర్వాత అంది, “రానీ ఓల్గా. నా కిటికీ తెర నేను వేసుకుంటాను. చచ్చేలోగా ఒక్కసారైనా వాడు నా ఎదుటికొచ్చి పాల్ పేరు ఎత్తితే చాలు. ఇన్నేళ్లలో ఎవరూ వాడి పేరే ఎత్తలేదు నా దగ్గర.”

తనకు అభ్యంతరం లేదని ఒక చీటీ రాసి సంతకం చేసింది. కలం పట్టి ఎన్నేళ్లయిందో, అందుకే ఆ వంకర గీతలు.

వెనక గదికి రంగు వేయించాను. ఆకుపచ్చ, స్టేడియంలో కుర్చీల రంగు. కిటికీ దగ్గర రేడియో పెట్టాను. ఇక మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్ నువ్వే వినుకో, నాకు పెన్సిలు అరగదీసే పని తప్పుతుంది.

నీ రూలు మరిచిపోలేదు. ఫారం ఒకటి, పిన్నిగారి చీటీ ఒకటి, ఈ ఉత్తరం ఒకటి. సరిగ్గా మూడు. రెండుసార్లు లెక్కపెట్టాను. ప్రోకాప్ గురువారం తిరిగొచ్చాడుగా, ఎప్పటిలాగే కార్డు కూడా లోపల పెట్టాను.

క్లబ్బువాళ్లు అతనికి కొత్త కాంట్రాక్టు ఇవ్వడం లేదని ప్రకటించేశారు. విన్నాక నాకే మనసు బాగోలేదు. నీకు చెప్పకుండా ఉండాల్సింది.

పదహారున గడ్డం నున్నగా గీసుకుని వెళ్లు.

ఓల్గా

---

జైలు,
సెప్టెంబరు 20, 1987

అక్కా,

విచారణ అయిపోయింది. నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను, నిన్ను నొప్పించడానికి కాదు.

రెండున్నర నెలలుగా నీ నుంచి ఉత్తరం లేదు. నేనేమీ అనుకోలేదు. ఆ వీధిలో నువ్వు బతకాలి. ఎదురింట్లో ఆ తల్లి ఉంది. నన్ను తీసుకొచ్చి ఆవిడ కళ్లముందు పెట్టుకోవడం ఎవరి వల్ల అవుతుంది? జూలైలోనే నువ్వు స్పష్టంగా చెప్పావు. నొప్పించకుండా ప్రోకాప్ పేరు మీద చెప్పావు. అందుకు నీకు రుణపడి ఉంటాను.

ముగ్గురు కూర్చున్నారు, ఇద్దరు మగవాళ్లు, ఒక ఆవిడ. బయటికెళ్తే ఉండటానికి ఎవరున్నారని అడిగారు. ఎవరూ లేరన్నాను. అక్క ఉందని ఫైల్లో ఉందే అన్నారు. ఆమెను ఇబ్బంది పెట్టొద్దన్నాను. ఆ ఆడమనిషి మంచిది, కాగితం పక్కన పెట్టి నా మొహం చూస్తూ అడిగింది, “ఇరవై ఒక్క ఏళ్ల కిందటి మనిషికీ మీకూ తేడా ఏమిటి, రూడీ హుడాక్?”

దీనికి నేను నాలుగేళ్లుగా సమాధానం తయారు చేసుకుంటున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం నీ మాట. “మనిషి మారడండీ. అదే బంతి, కాస్త నెమ్మదిగా.” వాళ్లు రాసుకున్నారు.

తోసిపుచ్చారు. మళ్లీ 1990లో.

ప్రోకాప్ ఆఖరి ఆట అక్టోబరు నాలుగున. వీలైతే కార్డు పంపు. వీలు కాకపోతే వద్దు.

రూడీ

---

స్లేటర్ బెండ్,
సెప్టెంబరు 29, 1987

రూడీ, రూడీ,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. చదివితే ఒక్క ముక్కా బోధపడలేదు. ఎవరూ లేరని ఎందుకన్నాడు, ఫారం ఏం చేశాడు, మతి పోయిందా వీడికి అని రెండు రోజులు నిన్నే తిట్టుకున్నాను.

శనివారం పోస్టులో నా కవరే నాకు తిరిగొచ్చింది. ఆగస్టు ఇరవై మూడున పంపినది. మీద ముద్ర: కాగితాలు నాలుగు, ఒకదానిలో అర్థం కాని గుర్తులు, పరిశీలనకు ఆపబడినది. అయిదు వారాలు ఎక్కడో బల్ల మీద పడుంది.

ఆ గుర్తులు ప్రోకాప్ ఏడో ఇన్నింగ్స్‌వి.

నేను కార్డుని లెక్కపెట్టలేదు. రెండుసార్లు లెక్కపెట్టాను, రెండుసార్లూ మూడే వచ్చాయి. అది కాగితమని నాకు తట్టనే లేదు. ఇరవై ఒక్క ఏళ్లుగా నీకు పంపే ప్రతి కవర్లో అది పెట్టాను.

బోర్డు ఆఫీసుకు నేనే ఫోను చేశాను. పక్కింటమ్మాయిని పక్కన నిలబెట్టి, వినిపించని మాటలు ఆమె చేత చెప్పించుకున్నాను. ఎవరో మర్యాదగానే మాట్లాడాడు. నిర్ణయం నిర్ణయమే, కొత్త కాగితాలు ఫైల్లో ఉంచుతాం, 1990లో చూస్తాం అన్నాడు. అప్పటికి నాకు అరవై ఏడు అని చెప్పాను. అది రాసుకున్నాడో లేదో తెలియదు.

ఆ కవర్లో ఏముందో ఇప్పుడు చదువు. ఉత్తరం, ఫారం, చీటీ, మూడే పంపుతున్నాను. ఇది నాలుగోది కాబట్టి వేరే కవర్లో. మనిషి మారడని నేనన్నది భుజం అరిగిన ఒక పిచ్చర్ గురించి. ఆ రోజు తలుపు తీయలేదన్న కోపంతో అన్నాను. నీ గురించి అనుకోవడం నా కలలో కూడా లేదు. నీ గురించి అనుకుని ఉంటే అయిదు శుక్రవారాలు మూసిన తలుపు ముందు నిలబడేదాన్నా?

నిన్ను తిట్టాలనుంది. నన్ను కూడా.

ఓల్గా

---

జైలు,
అక్టోబరు 11, 1987

అక్కా,

రెండు కవర్లూ అందాయి. ముందు ఆకుపచ్చ రంగు గది సంగతి చదివాను. తర్వాత పిన్నిగారి చీటీ.

తప్పు నీది కాదు. కార్డు కాగితమని నేను కూడా ఎప్పుడూ అనుకోలేదు. రూలు రాసినప్పుడు ఆ ఒక్క మాట చేర్చి ఉంటే సరిపోయేది, నాకూ తట్టలేదు. అసలు తప్పు జూన్‌లోది. అడగాల్సినదాన్ని ఫారం కింద దాచి, తొందరేం లేదని రాశాను. నాకు ఊపిరాడనంత తొందర. నాన్న దగ్గర నేర్చుకున్నది అదొక్కటే, నెత్తి మీద కొండ పడ్డా స్కోరు ఎంత అని అడగడం.

నాలుగో తారీకు ఆట మధ్యాహ్నం కదా. ఇరవై ఒక్క ఏళ్లలో మొదటిసారి తొమ్మిది ఇన్నింగ్స్ వినగలిగేవాణ్ని. ఆరో ఇన్నింగ్స్ అయ్యాక లేచి గదికి వచ్చేశాను. అప్పటికి అతను ఒక్క పరుగు ఇచ్చాడు. ఎలా ముగిసిందో నాకు చెప్పొద్దని కాసిడీకి చెప్పాను. ఈసారి వాడు నోరు మూసుకున్నాడు. ఆ మూడు ఇన్నింగ్స్ నీ చేతిరాతలోనే కావాలి నాకు.

పిన్నిగారికి చెప్పు. ఆవిడ ఎదుట నిలబడి పాల్ పేరు పలుకుతాను, కూర్చోమనకపోయినా ఫరవాలేదు.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. ఇంతవరకు ఎప్పుడూ అడగలేదు. ఓల్గా అక్కా, నేను ఇంటికి రావచ్చా?

రూడీ

---

స్లేటర్ బెండ్,
అక్టోబరు 18, 1987

రూడీ,

ఈ కవర్లో ఒక్క కాగితమే ఉంది.

బార్ట్‌కో పిన్నిగారు మంగళవారం పోయింది. నిద్రలోనే. నీ ఉత్తరం బుధవారం అందింది. నువ్వు చెప్పమన్నది శవపేటిక దగ్గర నిలబడి చెప్పాను, పాల్ పేరుతో సహా. కూతురు క్లీవ్‌లాండ్ నుంచి వచ్చింది. నేను అక్కడ ఉండటం ఆమెకు ఇష్టం లేదు. ఆ చీటీ అమ్మ మతి తప్పి రాసిందని, 1990లో బోర్డు ముందుకు తానే స్వయంగా వచ్చి ఆ మాట చెబుతానని నా మొహం మీదే అంది. నేను వాదించలేదు. ఆమెకు అన్న పోయాడు. నీకు ఇది దాచకుండా రాస్తున్నాను, ఇక మనం దేన్నీ దాచుకోవద్దు.

ఎదురింటి రేడియో ఆగిపోయింది. నా రేడియో ఒక్కటే మోగుతుంటే చెవిటిదానికి కూడా తేడా తెలుస్తోంది.

ప్రోకాప్ ఆఖరి ఆట కార్డు బల్ల సొరుగులో ఉంది. పంపను. ఏడు, ఎనిమిది, తొమ్మిది, మూడూ రాశాను, కొత్త కళ్లజోడుతో, గళ్లు తిన్నగా ఉన్నాయి. నువ్వు ఈ వంటింట్లో కూర్చున్నాక చదివి వినిపిస్తాను. అప్పటిదాకా ఎవరినీ అడక్కు, పేపర్లో వెతక్కు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. రా.

ఓల్గా